రెండు బండ్ల ఇల్లు

పరమేశ్వర్ షెడ్డు ముందు ఆ స్కూటీ చాలాకాలంగా ఎండలో నిలబడి ఉంది. కొత్తలో ఎర్రగా ఉండేదట. వెలిసి వెలిసి ఇటుకపొడి రంగుకు దిగింది. సీటు చిరిగి లోపలి స్పాంజి కనబడుతోంది. ఎడమవైపు అద్దం లేదు. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పొడుగునా పాతబండ్లు కొని, బాగుచేసి అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. బండికున్న రోగం దాచకుండా చెప్పి అమ్మేవాడు మాత్రం పరమేశ్వర్ ఒక్కడేనని ఊళ్లో పేరు.

"ఇంజను మంచిగుంది చెల్లె. మిగిలిందంత ముసల్దే," అన్నాడతను యమునతో. "పొద్దుగాల ఒక్కపారికి లేవది. రెండుపార్లు ఒత్తాలె. తిట్టొద్దు దాన్ని."

యమున నవ్వింది. ముప్పై నాలుగేళ్లకు తొలిసారి తనకంటూ ఒక బండి కొనుక్కుంది. తాళంచెవి చేతిలో పడగానే కొంగున ముడివేసుకుంది. మళ్లీ ఏమనుకుందో, విప్పి గుప్పిట్లో పెట్టుకుంది.

ఆ ఇంట్లో అప్పటికే ఒక బండి ఉంది. అది ఆమె భర్త దేవేందర్‌ది. నల్లటి పాత యమహా. దేవేందర్ బొంగులూరు దగ్గర భూపాల్ అనే ఆయన వెంచర్ ఆఫీసులో పనిచేసేవాడు. ప్లాట్లు కొనవచ్చినవాళ్లను యమహా వెనక కూర్చోబెట్టుకుని హద్దురాళ్ల మధ్య తిప్పి చూపించడం అతని పని. బండి గల్లీ మలుపులో ఉండగానే ఆ చప్పుడు గుర్తుపట్టి యమున పొయ్యి మీద చాయ పెట్టేది. రెండేళ్ల కిందట ఒక టిప్పర్ తగిలి అతని కుడి మోకాలు నుజ్జయింది. రాడ్డు వేసి, మరలు బిగించి కాలు నిలబెట్టారు కాని మోకాలు మడతపడదు. యమహాకు కిక్కు కొట్టాలన్నా కుడికాలే కావాలి, వెనక బ్రేకు తొక్కాలన్నా కుడికాలే కావాలి.

తన కుట్లు విప్పకముందే దేవేందర్ మంచం మీదినుంచి పరమేశ్వర్‌కు ఫోను చేసి బండి బాగుచేయించాడు. వంగిన ఫోర్కు సరిచేయించాడు. పగిలిన హెడ్‌లైటు చోట కంపెనీదే, ఆ కాలం నాటిదే వెతికించి పెట్టించాడు. అప్పటినుంచి అది వసారాలో నీలం కవర్ కింద ఉంటోంది. ప్రతి ఆదివారం కవర్ తీసి, చెక్కపీట మీద కూర్చుని, కుడికాలు బారచాపుకుని, పాత బనీను గుడ్డతో దాన్ని తుడుస్తాడు. ఇంటికి ఎవరొచ్చినా, "జర ఒక్క కిక్కు కొట్టరాదే," అని బతిమాలుతాడు. బండి లేవగానే కళ్లు మూసుకుని వింటాడు.

భూపాల్ అతని ఉద్యోగాన్ని యమునకిచ్చాడు. మొదట ఆఫీసులో ఫోన్లు ఎత్తడానికి, తరువాత ప్లాట్లు చూపించడానికి. బస్సు దిగి ఎండలో ఆమె నడిచివచ్చేసరికి కార్లలో వచ్చినవాళ్లు విసుక్కునేవారు. "బండి నేర్సుకో యమునా. నీతోని కాదంటే చెప్పు, ఇంకొకల్లను చూసుకుంట," అన్నాడు భూపాల్ ఒకరోజు. అదే ఆఫీసులో పనిచేసే భాగ్యశ్రీ కాలేజీ గ్రౌండులో తన బండి మీద నెలరోజులు నేర్పింది.

యమున ఇంటికి తెచ్చిన స్కూటీ చుట్టూ దేవేందర్ చేతికర్రతో ఒక చుట్టు తిరిగాడు. కర్రకొనతో టైరును నొక్కి చూశాడు.

"తుక్కు," అన్నాడు.

అతని తల్లి శంకరమ్మ గడపలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. "ఉన్న బండి తోలేటోడే లేడు. ఇంకోటెందుకే?" అంది.

"నువ్వు గూడ తోలొచ్చు దీన్ని," అంది యమున భర్తతో. మనసులో ఉన్న మాటే అంది. "కాళ్లతోని పనే లేదు. బ్రేకులన్ని చేతులల్లనే ఉన్నయి."

దేవేందర్ నవ్వాడు. "ఆడోళ్ల బండి తోల్మంటవా నన్ను?"

ఆ నవ్వును యమున మంచి నవ్వే అనుకుంది.

మొదటి పదిరోజులు స్కూటీ చెప్పినట్టు విన్నది. పదకొండో రోజు పొద్దున ఎన్నిసార్లు ఒత్తినా లేవలేదు. కింద పెట్రోలు మడుగు కట్టింది. పైపు ఊడిపోయింది. పరమేశ్వర్ వచ్చి తగిలించిపోయాడు. వారం తిరక్కముందే వెనక టైరులో గాలి పోయింది. మేకు ఎక్కడా లేదు. తరువాత ప్లగ్గు క్యాపు ఊడింది. ఆ తరువాత చూస్తే ఫ్యూజే లేదు. అన్నిసార్లూ ఆఫీసుకు ఆలస్యమే, అన్నిసార్లూ భూపాల్ గడియారం చూసుకోవడమే.

"పాతబండ్లంటే గట్లనే ఉంటది," అనేవాడు దేవేందర్ చాయ ఊదుకుంటూ. "నేను చెప్తే ఇన్నవా?"

యమున పరమేశ్వర్ దగ్గర ఒక ప్లగ్గు పానా, రెండు చిన్న పానాలు అడిగి తెచ్చుకుంది. ప్లగ్గు విప్పి మసి గీకడం, పైపు బిగించడం, ఫ్యూజు మార్చడం నేర్చుకుంది. చీరలు మానేసి పంజాబీ డ్రెస్సులు వేసుకోవడం మొదలుపెట్టింది. ఎంత సబ్బు రుద్దినా గోళ్ల కింద నలుపు పోయేది కాదు. ఆమెకు అది బాగానే అనిపించేది.

నాలుగోసారి బండిని షెడ్డుకు తోసుకెళ్లినప్పుడు పరమేశ్వర్ వంగి అంతా చూసి, లేచి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"చెల్లె, ముసలి బండి ఒక్కచోట పాడైతది. మళ్ల మళ్ల ఆడనే పాడైతది. గిది రోజుకొక్క తావుల పాడైతుంది. ఎవ్వరో చెయ్యి వెడుతున్నరు."

"మా గల్లీ పోరగాండ్లేమో అన్న."

"పోరగాండ్లయితే పెట్రోలు ఎత్కపోతరు. ఫ్యూజెవ్వడు ఎత్కపోతడు?"

ఆ శుక్రవారం పొద్దున యమున స్నానానికి వెళ్లి, సబ్బు మరిచిపోయి వెనక్కి వచ్చింది. కిటికీలోంచి వసారా కనబడుతుంది. దేవేందర్ నేల మీద కూర్చుని ఉన్నాడు. కుడికాలు కట్టెలాగా ముందుకు చాచి ఉంది. చెంపను స్కూటీకి ఆనించి, చెయ్యి ఇంజను కిందికి దూర్చాడు. అట్లా కింద కూర్చోవడం అతనికి ఎంత నరకమో ఆమెకు తెలుసు. మంచం మీదినుంచి లేవడానికే ఏడాది పాటు ఆమె భుజం పట్టుకున్న మనిషి. నుదుటి నిండా చెమట పట్టింది. కాని మొహంలో కష్టం లేదు. ఆదివారం యమహాను తుడిచేటప్పుడు ఉండే శ్రద్ధే అక్కడా ఉంది.

ఆమె అరవలేదు. సబ్బు తీసుకుని వెనక్కి వెళ్లి, నీళ్లు చల్లారేదాకా స్నానం చేసింది. బయటికి వచ్చేసరికి అతను కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆమె ఉప్మా పెట్టింది. అతను తిన్నాడు. ఆమె ఊడిన క్యాపు తడిమి బిగించుకుని ఆఫీసుకు వెళ్లిపోయింది.

మర్నాడు దేవేందర్ తల్లిని తోడు తీసుకుని దవాఖానకు వెళ్లాడు. ఆటో మలుపు తిరిగాక యమున వసారాలోకి వచ్చి నీలం కవర్ ఎత్తింది. యమహా స్పీడు మీటరుకు ఉన్నవి రెండు మరలు, ఒక కేబులు. పానా చేతికి అలవాటయింది కదా, ఎంతో సేపు పట్టలేదు. దాన్ని తువ్వాలలో చుట్టుకుని పోయి పరమేశ్వర్ ముందు పెట్టింది.

"కంపెనీది!" అన్నాడు పరమేశ్వర్, అటూ ఇటూ తిప్పి చూస్తూ. పాత యమహాల కంపెనీ సామాన్ల కోసం సిటీనుంచి కుర్రాళ్లు వచ్చి షెడ్డు షెడ్డూ వెతుక్కుంటారు. "దేవేందరన్న అమ్ముమన్నడా?"

"అవ్," అంది యమున. "దీనికి బదులు నా బండికి రెండు టైర్లెయ్యి."

ఆదివారం వచ్చింది. యమున వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ వింటోంది. కవర్ తీసిన చప్పుడు వినబడింది. గుడ్డతో రుద్దే చప్పుడు మాత్రం మొదలుకాలేదు.

"యమునా."

"ఆఁ."

"మీటరేది?"

ఆమె చేతులు తుడుచుకుంటూ వసారాలోకి వచ్చింది. "ఏమో. పోరగాండ్లు తీసిన్రేమో. నా దాంట్ల ఫ్యూజు గూడ గట్లనే పోయె గద."

అతను తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఇద్దరికీ ఇంక చెప్పుకోవాల్సింది ఏమీ మిగల్లేదు.

"ఏం పోయిందిరా?" అని లోపలినుంచి శంకరమ్మ అడిగింది.

"ఏం పోలేదమ్మా," అన్నాడు దేవేందర్.

అక్కడితో ఆగిపోవచ్చు. ఇద్దరిలో ఎవరు ఆగినా ఆగేది. మంగళవారం స్కూటీ ట్యాంకులో నీళ్లున్నాయి. గురువారం యమహా పక్క రేకులు పోయాయి. తరువాతి వారం స్కూటీ సీటును ఎవరో బ్లేడుతో మూలనుంచి మూలకు కోశారు. యమహా కార్బొరేటర్ పోయింది. దేవేందర్ యమహా చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టాడు. గొలుసు బండిని కదలనివ్వదు కాని సామాన్లకు అడ్డం రాదు. సైలెన్సర్ పోయింది. ఆ డబ్బులతో యమున స్కూటీకి రంగు వేయించింది. మళ్లీ ఎర్రరంగే.

ఇంట్లో ఒక్క గట్టిమాట లేదు. ఆమె వేళకు అన్నం పెట్టేది. సాయంత్రం అతని మోకాలికి నూనె రాసేది. "ఇంకొంచెం పైకి," అనేవాడు. ఆమె ఇంకొంచెం పైకి రాసేది. గురుకులంలో చదువుకునే కూతురు మనోజ ఫోను చేస్తే ఒకరి తరువాత ఒకరు నవ్వుతూ మాట్లాడేవారు. పొద్దున్నే బండి దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటీ తడిమి చూసుకోవడం యమునకు దేవుడికి దండం పెట్టినంత అలవాటయింది. కొన్ని పొద్దులు అన్నీ సరిగ్గానే ఉండేవి. అప్పుడు ఆమెకు ఏదో వెలితిగా ఉండేది. ఆ వెలితిని ఆమె గమనించింది. గమనించి, సిగ్గుపడలేదు.

తొలకరి పడ్డ రోజు ఎల్బీనగర్ నుంచి ఒక కుటుంబం ప్లాటు చూడటానికి వచ్చింది. వాళ్ల కారు వెనక వస్తుంటే, యమున దారి చూపిస్తూ ముందు పోతోంది. బొంగులూరు దగ్గర రోడ్డు దిగుడుగా ఉంటుంది. ముందు కంకర లారీ ఆగి ఉంది. ఆమె బ్రేకు పట్టింది. పిడి మెత్తగా వచ్చి గుప్పిట్లో కూలబడింది. రెండోది పట్టింది. అదీ అంతే. లారీని తప్పించడానికి బండిని పక్కకు తిప్పి, కంకరకుప్ప మీదికి ఎగిరి పడింది. గడ్డం చీలింది. ముందు పళ్లు రెండు పోయాయి. ఎడమ మణికట్టు విరిగింది. కారులో వాళ్లు దిగి, మంచినీళ్లు ఇచ్చి, ప్లాటు ఇంకోరోజు చూస్తామని వెళ్లిపోయారు.

బండిని తీసుకుపోవడానికి వచ్చిన పరమేశ్వర్ రెండు బ్రేకుల కేబుళ్లూ చూశాడు. నట్లను ఎవరో ముందే చివరి చుట్టుదాకా వదిలారు, దారి కుదుపులకు రెండూ ఊడిపోయాయి. దవాఖానలో ఆమె మంచం పక్కన నిలబడి, గొంతు తగ్గించి ఆ సంగతి చెప్పాడు.

"గిది ఆట గాదు చెల్లె. పోలీసోళ్లకు చెప్పు."

నోటినిండా దూదితో యమున తల అడ్డంగా ఊపింది.

దేవేందర్ ఆటోలో వచ్చాడు. కర్ర ఊతంతో మెట్లన్నీ ఎక్కివచ్చాడు. ఆమె నమలలేకపోతుంటే పాలలో రొట్టె ముంచి చిన్న చిన్న ముక్కలు నోట్లో పెట్టాడు. కారిన పాలను తన రుమాలుతో తుడిచాడు. అతని కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"చెప్పిన గద యమునా. ఆడోళ్లకు బండెందుకు? ఇగ నువ్వు ఇంట్ల కూసో. భూపాల్ సారుతోని నేను మాట్లాడ్త. కూసోని చేసే పనేదన్న నాకిస్తడు."

ఆ కన్నీళ్లు నిజమైనవి. అబద్ధపు ఏడుపయి ఉంటే ఆమెకు అంత భయం వేసేది కాదు. అతని చేతిలోని రొట్టె అంతా తిన్నది.

ఆరు వారాల తరువాత మణికట్టు కట్టు విప్పగానే పనికి పోయింది. "కస్టమర్ల ముంగట జర నోరు మూసుకోని నవ్వు," అన్నాడు భూపాల్. పరమేశ్వర్ బండికి కొత్త కేబుళ్లు వేసి ఇచ్చాడు. దేవేందర్ ఇంక దాన్ని ముట్టలేదు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి, ఒక్క మర కూడా కదల్లేదు. ఒక పొద్దున ఆమె బయటికి వచ్చేసరికి అతను వాన నీళ్లు పడ్డ స్కూటీ సీటును తన బనీను గుడ్డతో తుడుస్తున్నాడు.

"తడిసింది," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

అతను భయపడ్డాడని ఆమెకు అర్థమైంది. చేసినదానికి తానే జడుసుకుని, ఇంక చాలని అడుగుతున్నాడు. ఆమెకు సంతోషం కలగాల్సింది. కాని మోసపోయినట్టు అనిపించింది. తన పళ్లు పోయాక ఇప్పుడు వచ్చి చాలంటాడా? నాలుకను పళ్లు లేని సందులోకి పోనిస్తూ, "మంచిది," అని బండి ఎక్కింది.

ఆ ఆదివారం ఆమె పరమేశ్వర్‌ను ఇంటికి పిలిచింది. అతను పానాల పెట్టెతో వచ్చేసరికి దేవేందర్ వసారాలో పీట మీద కూర్చుని ఉన్నాడు. శంకరమ్మ గడపలో ఉంది. యమున వెళ్లి నీలం కవర్ పూర్తిగా లాగేసింది.

"ఇంజను అమ్ముతున్నం అన్న. ఇప్పు."

పరమేశ్వర్ ఆమెను చూశాడు, అతన్ని చూశాడు. పెట్టె కింద పెట్టలేదు. "అవునా దేవేందరన్నా?"

దేవేందర్ నోరు తెరిచాడు.

"చెప్పు," అంది యమున నెమ్మదిగా. "వద్దంటే వద్దను. పరమేశ్వరన్నకు ఇంకేమన్న చెప్పేదుంటే గది గూడ చెప్పు. అత్తమ్మ గూడ ఈడనే ఉన్నది, ఇంటది."

గల్లీలో కూరగాయల బండివాడు టమాటాలని అరుచుకుంటూ పోయాడు. ఆ అరుపు దూరమయ్యేదాకా దేవేందర్ నేల చూపులు చూశాడు.

"తియ్యి," అన్నాడు.

పరమేశ్వర్ కింద కూర్చున్నాడు. యమున పానాల పెట్టెను కాలితో దేవేందర్ పక్కకు జరిపింది. "నువ్వు లేవకు అన్న. ఏది గావాల్నో అడుగు, ఆయన అందిస్తడు. పానాల సంగతి ఆయనకు మస్తు ఎర్క."

పన్నెండో నంబరు. పద్నాలుగు. మళ్లీ పన్నెండు. దేవేందర్ ఒక్కొక్కటీ వెతికి అందించాడు. ఒకసారి తప్పుడుది ఇచ్చాడు. పరమేశ్వర్ తానే వంగి సరైనది తీసుకున్నాడు. ఇంజను ఆయిలు గచ్చు మీద కారి, పీట కాళ్లదాకా పాకింది. శంకరమ్మకు ఏడుపు ఆగలేదు.

"పాణం లెక్క చూస్కుంటివి గదరా! ఎందుకమ్ముతున్నవ్ బిడ్డా?"

"కాలు లేనోనికి బండెందుకమ్మా," అన్నాడు దేవేందర్.

ఆ మాట కోసమే తాను ఇన్నాళ్లూ ఎదురుచూసిందని యమునకు అప్పుడు తెలిసింది. పరమేశ్వర్ ఇంజనును సంచిలో వేసుకుని భుజాన ఎత్తుకున్నాడు. గేటు దగ్గర ఆగి, "ఇగ నన్ను ఈ ఇంటికి పిలవకు చెల్లె," అని వెళ్లిపోయాడు. మిగిలినదానికి దేవేందర్ కవర్ కప్పాడు. తరువాత గచ్చు మీది ఆయిలు తుడిచాడు, అదే బనీను గుడ్డతో. ఆ మధ్యాహ్నం యమున కడుపునిండా తిన్నది.

బతుకమ్మ పండుగ దగ్గరపడేసరికి దేవేందర్ మోకాలు వాచింది. కాలు కింద పెడితే సలుపు. బడంగ్‌పేట్‌లో మోకాళ్ల డాక్టరు ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారు.

"బస్సెక్కలేడు," అంది శంకరమ్మ కోడలితో. "నీ బండి మీద తీస్కపో."

అతను ఆ స్కూటీ ఎక్కడం అదే మొదటిసారి. కుడికాలు మడతపడక ముందుకు చాచుకున్నాడు. ఆమె భుజం పట్టుకోలేదు. వెనకనున్న ఇనుపకడ్డీ పట్టుకున్నాడు. ఆమె మెల్లగానే నడిపింది. ఆదిబట్ల దాటాక ఒక స్పీడ్ బ్రేకరుంది. దానికి తెల్లచారలు లేవు. చూసుకోలేదు. బండి ఎగిరిపడింది.

"అబ్బా!" అని దేవేందర్ కేక పెట్టాడు. "జర చూస్కోని పోనియ్యి."

"కనవడలే," అంది ఆమె. అది నిజం.

రెండోదానికి చారలున్నాయి. దూరంనుంచే కనబడింది. ఆమె వేళ్లు బ్రేకు పిడి మీదే ఉన్నాయి. కొత్త కేబుళ్లు, చిటికెనవేలితో ఒత్తినా బండి ఆగుతుంది. ఆమె ఒత్తలేదు.

ఈసారి కేక కాదు, గొంతులో నొక్కుకున్న చప్పుడు వచ్చింది. మూడోదానికి అదీ లేదు. అతనికి అర్థమైందని వీపుతోనే తెలుసుకుంది. గుంతలు తప్పించి నడపడం ఆమెకు బాగా వచ్చు. కనుక ఒక్కటీ తప్పకుండా నడపడమూ వచ్చింది. నాదర్‌గుల్ దాటేదాకా అట్లాగే తీసుకుపోయింది. ఆపమని అతను ఒక్కసారి అడిగి ఉంటే ఆపేదా? ఆ సంగతి ఆమెకూ తెలియదు. అతను అడగలేదు.

డాక్టరు ఎక్స్‌రే తీయించి వెలుతురుకు పెట్టి చూశాడు. "మర జరిగింది. ఎక్కడైనా పడ్డారా? ఏమైనా కుదుపు తగిలిందా?"

"లేదు సార్."

"ఎట్లా వచ్చారు?"

దేవేందర్ యమున వైపు చూశాడు. "బస్సుల," అన్నాడు.

మళ్లీ ఆపరేషన్ చేయాలని, అప్పటిదాకా కాలు కదపవద్దని డాక్టరు చెప్పాడు. ఆ మర ఎప్పుడు జరిగిందో చెప్పలేదు. పొద్దున జరిగిందో, ఏడాది కిందటే జరిగిందో, వసారాలో నేల మీద చతికిలబడ్డ రోజుల్లో జరిగిందో. యమున కూడా అడగలేదు.

బయట ఇబ్రహీంపట్నం పోయే సెవెన్ సీటర్ ఆటో ఒకటి దొరికింది. వెనక బల్ల ఖాళీగా ఉంది. అందులో కూర్చుంటే మొహం వెనక్కి, రోడ్డు వైపుకు ఉంటుంది. కాలు చాపుకోవడానికి అదే మేలు. అక్కడున్నవాళ్లు ఇద్దరు పట్టుకుని దేవేందర్‌ను ఎక్కించారు.

"జల్ది, జల్ది. నాకింకో ట్రిప్పుంది," అని డ్రైవరు తొందరపెట్టాడు. కాలు సంగతి అతనికి చెప్పాలని యమున ఒక అడుగు ముందుకు వేసింది. ఆటో కదిలింది.

ఆమె స్కూటీ మీద దాని వెనకే బయలుదేరింది. దేవేందర్ ఆమెకు ఎదురుగా ఉన్నాడు, నాలుగు గజాల దూరంలో. ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో తొడ పట్టుకున్నాడు. దారిపొడవునా ఒకరినొకరు చూసుకుంటూ పోయారు. పెళ్లయిన ఇన్నేళ్లలో అంతసేపు ఎన్నడూ చూసుకోలేదేమో. డ్రైవరు తొందరలో ఉన్నాడు. స్పీడ్ బ్రేకరు వచ్చిన ప్రతిసారీ ఆటో ఎగిరేది. దేవేందర్ మొహం నలిగి, పెదవులు తెల్లబడి, మళ్లీ మెల్లగా మామూలయ్యేది. ఒక్కసారి హారన్ కొట్టి, ముందుకు పోయి, మెల్లగా పొమ్మని డ్రైవరుకు చెబితే చాలు. ఆమె బొటనవేలు హారన్ మీదే ఉంది. ఆదిబట్ల వచ్చింది, దాటింది. బొంగులూరు వచ్చింది, దాటింది. బొటనవేలు అక్కడే ఉంది.

ఇబ్రహీంపట్నంలో ఇంటి ముందు అతన్ని దింపడానికి పక్కింటివాళ్లు ఇద్దరు రావలసివచ్చింది. అతని అంగీ చెమటకు వీపుకు అతుక్కుపోయింది. శంకరమ్మ గేటు దాకా ఎదురొచ్చింది.

"ఎట్లొచ్చినవ్ బిడ్డా? కాలు మస్తు గుంజిందా?"

"లేదమ్మా, మంచిగనే వచ్చిన," అన్నాడు దేవేందర్. "యమున ఎనకనే ఉండె."